మూడు మ్యాచ్‌లు, నాలుగు రోజుల సాంబారు

పోయిన సెమిస్టర్ సెలవుల్లో ‘ది రీప్లేస్‌మెంట్స్’ అనే సినిమా చూశాను. 2000లో వచ్చింది. కీను రీవ్స్ హీరో. ఒక ఫుట్‌బాల్ లీగ్‌లో ఆటగాళ్ళు సమ్మె చేస్తారు. వాళ్ళ స్థానంలో ఎవరెవరినో పోగేసి టీమ్ కడతారు. ఆ అనామకులే చివరికి గెలుస్తారు. మన తెలుగు సినిమాకి కావాల్సిన మసాలా అంతా ఉంది. విజిల్ వేసి పడుకున్నాను.

మర్నాడు మా బాబాయి వీడియో కాల్ చేస్తే ఈ సినిమా సంగతి చెప్పాను. ఆయన అమెరికాలో, వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఉంటాడు. అక్కడ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీమ్ ప్రాక్టీస్ చేసేదీ ఆ ఊళ్ళోనే. “ఒరేయ్, అది ఉత్త కథ కాదురా, మా టీమ్ కథే” అన్నాడు. మన బాబాయికి అది ‘మా టీమ్’ ఎప్పుడైందో నాకు తెలీదు గానీ, ఆ రోజు నుంచి నేనూ ఆ కథ వెంట పడ్డాను.

ముందే ఒక మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మెస్సీ ఆడేది కాదు. హెల్మెట్లు పెట్టుకుని కోలగా ఉండే బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. రూల్స్ తెలియకపోయినా ఈ కథ అర్థమవుతుంది, భయపడకండి.

1987 సీజన్. ఒక్కో టీమ్ 16 మ్యాచ్‌లు ఆడాలి. రెండు వారాలు అవగానే సెప్టెంబర్ 22న ఆటగాళ్ళ యూనియన్ సమ్మె మొదలుపెట్టింది. మూడో వారం మ్యాచ్‌లు రద్దయ్యాయి. ఆ తర్వాత ఓనర్లు వేరే ఆటగాళ్ళని తెచ్చి మూడు వారాలు ఆడించేశారు. మ్యాచ్‌లు టీవీలో వచ్చాయి, ఫలితాలు పాయింట్ల పట్టికలోకి ఎక్కాయి. 24 రోజులకే సమ్మె విరిగిపోయింది. 16 మ్యాచ్‌ల సీజన్ 15తో ముగిసింది.

ఈ మూడు వారాల్లో వాషింగ్టన్ టీమ్ చేసింది వింటే ఎవడైనా ఫ్యాన్ అయిపోతాడు. అప్పట్లో దాని పేరు రెడ్‌స్కిన్స్. ఆ పేరు అక్కడి ఆదివాసులకు అవమానమని ఏళ్ళ తరబడి గొడవ జరిగాక 2020లో తీసేశారు, ఇప్పుడు కమాండర్స్ అంటున్నారు. ఆ టీమ్ అసలు ఆటగాళ్ళలో ఒక్కడు కూడా సమ్మె దాటి లోపలికి రాలేదు. అంటే మైదానంలోకి దిగినవాళ్ళంతా కొత్తవాళ్ళే. వాళ్ళు మొదట సెయింట్ లూయిస్‌ని 28–21తో, తర్వాత న్యూయార్క్ జెయింట్స్‌ని 38–12తో కొట్టారు. మూడో మ్యాచ్ అక్టోబర్ 19, సోమవారం రాత్రి, డల్లాస్‌తో. డల్లాస్‌లో టోనీ డోర్సెట్, డానీ వైట్ లాంటి పెద్ద పెద్దవాళ్ళు సమ్మె వదిలేసి వచ్చి ఆడుతున్నారు. ఇటు వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ ఎడ్ రబర్ట్‌కి మొదట్లోనే దెబ్బ తగిలితే, టోనీ రాబిన్సన్ దిగాడు. అతను జైలు శిక్ష అనుభవిస్తూ, పని చేసుకోవడానికి బయటికి వచ్చే అనుమతి మీద వచ్చినవాడు. అయినా వాషింగ్టనే 13–7తో గెలిచింది.

తర్వాత అసలు వాళ్ళు తిరిగొచ్చారు. 1988 జనవరి 31న శాన్ డియాగోలో ఫైనల్, అంటే సూపర్ బౌల్. మొదటి క్వార్టర్ అయ్యేసరికి డెన్వర్ చేతిలో 0–10తో వెనకబడి, రెండో క్వార్టర్ ఒక్కదాంట్లోనే 35 పాయింట్లు చేసి, 42–10తో గెలిచారు. ఆ రోజు క్వార్టర్‌బ్యాక్ డగ్ విలియమ్స్. సూపర్ బౌల్ గెలిచిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ ఆయనే.

ఇంకో తమాషా. 1982లో కూడా 57 రోజుల సమ్మె జరిగి సీజన్ 9 మ్యాచ్‌లకి కుదించుకుపోయింది. ఆ ఏడాదీ కప్పు ఇదే టీమ్‌కి, ఇదే కోచ్ జో గిబ్స్‌కి.

బాబాయి ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడట. 1987లో కాలేజీ కుర్రాడు. డల్లాస్ మ్యాచ్‌లో ఎప్పుడేం జరిగిందో ఇప్పటికీ గుక్క తిప్పుకోకుండా చెప్తాడట. నా తరఫున బాబాయి ఒక ప్రశ్న అడిగాడు: “అసలు వాళ్ళు సమ్మె ఎందుకు చేశారు?” ఆయన కాసేపు ఆలోచించి, “డబ్బుల కోసమే అనుకుంటా” అన్నాడట.

నా పేచీ అంతా ఇక్కడే.

ఆ సమ్మెలో అసలు డిమాండ్ మనకి బాగా అర్థమయ్యేదే. ప్లేస్‌మెంట్ల సీజన్‌లో మనం భయపడే బాండ్ గుర్తు తెచ్చుకోండి. రెండేళ్ళ బాండ్ అయిపోయింది, ఇంకో కంపెనీ పిలుస్తోంది. కానీ ఆ కొత్త కంపెనీ మీ పాత కంపెనీకి భారీగా పరిహారం కట్టాలి. అప్పుడు మిమ్మల్ని ఎవరు తీసుకుంటారు? ఆ ఆటగాళ్ళ పరిస్థితి దాదాపు అదే. కాంట్రాక్టు ముగిసినా, తీసుకునే టీమ్ పాత టీమ్‌కి తన డ్రాఫ్ట్ అవకాశాలు వదులుకోవాలి. కాబట్టి ఎవరూ తీసుకునేవాళ్ళు కాదు. ఎక్కడ పని చేయాలో ఎంచుకునే హక్కు కావాలన్నారు. మూడు నాలుగేళ్ళకే కెరీర్లు ముగిసిపోయే ఆటలో, నాలుగు మ్యాచ్‌ల జీతం పోగొట్టుకుని బయట నిలబడ్డారు. ఓడిపోయారు. కొత్త ఒప్పందమేదీ లేకుండానే తలొంచుకుని తిరిగొచ్చారు. అక్టోబర్ 15న వస్తే, గడువు నిన్నటితోనే అయిపోయిందని ఆ వారం ఆడనివ్వలేదు. డల్లాస్ మ్యాచ్ కొత్తవాళ్ళతో జరిగింది అందుకే. ఆ తర్వాత కోర్టుల చుట్టూ తిరిగి, 1992లో జ్యూరీ తమవైపు తీర్పు చెప్పాక, 1993లో ఆ హక్కు సాధించుకున్నారు.

సినిమాలో ఇదంతా లేదు. అందులో సమ్మె చేసేవాళ్ళు కార్లేసుకు తిరిగే బలిసినవాళ్ళు. బదులుగా వచ్చినవాళ్ళు పేదవాళ్ళు, మంచివాళ్ళు. ఇద్దరినీ కొట్టుకోనిచ్చి ఓనర్లని పక్కన పెట్టేశారు.

అలాగని ఆ బదులు ఆటగాళ్ళని తిట్టాలా? అప్పట్లో తిట్టారు. వాళ్ళని ‘స్కాబ్’ అన్నారు, అంటే పుండు మీద కట్టే పెచ్చు. ఫిలడెల్ఫియాలో లారీ డ్రైవర్ల యూనియన్ స్టేడియం గేట్ల దగ్గర అడ్డం నిలబడింది. ఆ రోజు లోపలికి వెళ్ళింది 4,074 మందే. నాకు మాత్రం ఆ ఆటగాళ్ళ మీద కోపం రావట్లేదు. చిన్నప్పటి నుంచి ఒక్క ఛాన్స్ కోసం చూసినవాడి ముందు తలుపు తెరిస్తే వాడు వెళ్తాడు. వాళ్ళు కొట్టిన దెబ్బలు, తిన్న దెబ్బలు, గెలిచిన మూడు మ్యాచ్‌లు అన్నీ నిజమే. అయినా ఆ టీమ్ వాళ్ళకి ఛాంపియన్‌షిప్ ఉంగరాలు ఇచ్చింది 2018లో, 30 ఏళ్ళ తర్వాత. అప్పటికి అందరూ బతికి లేరు. అవసరం తీరాక ఓనర్లు వాళ్ళనీ మర్చిపోయారు.

మరి సమ్మెని విరగ్గొట్టింది ఎవరు? నా లెక్కలో, టీవీ ముందు కూర్చున్న ఫ్యాన్. ఆట ఆగలేదు, టీవీలో వస్తోంది, మన టీమ్ గెలుస్తోంది. ఇంక సమ్మె ఎందుకో అడగాల్సిన అవసరం ఏముంది?

ఇంత ధీమాగా చెప్పడానికి కారణం ఉంది. ఆ ఫ్యాన్ నేనే.

మా సెకండ్ ఇయర్‌లో హాస్టల్ మెస్ వాళ్ళు నాలుగు రోజులు పని ఆపేశారు. ఫైనల్ ఇయర్ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మనమేం చేశాం? వాలంటీర్లమని టీషర్టులు మడత పెట్టుకుని వంటింట్లో దూరాం. నేను ఉల్లిపాయలు తరిగాను. మూడో రోజు మేం చేసిన సాంబారుకి చప్పట్లు కొట్టారు. రీల్స్ తీశాం. ఇప్పటికీ గ్రూపులో ఎవరో ఒకరు ఆ ఫొటో పెట్టి ‘మన మాస్టర్‌చెఫ్ డేస్’ అంటారు, నలభై హార్టులు పడతాయి. నేనూ వేశాను.

ఐదో రోజు వాళ్ళు వచ్చారు, ఇద్దరు తప్ప. ఇడ్లీ వడ్డించే అన్న నా ప్లేట్‌లో చట్నీ వేస్తూ, “మీ సాంబారు బాగుందంట గదా తమ్ముడూ” అన్నాడు. ఎగతాళి లేదు, కోపం లేదు. నేను నవ్వి, “థాంక్స్ అన్నా” అన్నాను! ఆ ఇద్దరూ ఏమయ్యారని అడగలేదు. ఎందుకు ఆపారో కూడా అడగలేదు.

ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాక వెళ్ళి అడిగాను, రెండేళ్ళు ఆలస్యంగా. కాంట్రాక్టరు మూడు నెలల జీతం ఆపేశాడట. వారం రోజులు ఆగగలిగితే ఇస్తాడనుకున్నారట. “మీకు అన్నం ఆగలేదు గదా, ఇంక మా మాట ఎవరు వింటారు” అన్నాడు. ఒక నెల జీతం ఇప్పటికీ రాలేదు.

మనం ఆ రోజు వండకుండా ఆకలితో కూర్చోవాల్సిందా? అంతమంది పిల్లలు తినాలి గదా అంటారు మీరు. నిజమే, దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. కానీ వండుతూనే అడగొచ్చు. నాలుగు రోజుల్లో ఒక్కసారైనా అందరం కలిసి వార్డెన్ దగ్గరికి వెళ్ళి, “వాళ్ళ జీతాలు ఎప్పుడిస్తారు సార్” అనొచ్చు. అది మన చేతిలో పనే, మనం చేయలేదు. చేసి ఉంటే ఆ సాంబారు ఇంకాస్త రుచిగా ఉండేదేమో.

వచ్చే నెల ఫేర్‌వెల్‌కి స్లైడ్‌షో తయారవుతోంది. ఆ ఫొటో అందులో కచ్చితంగా ఉంటుంది, ఉండాలి కూడా. ఫ్యాన్లు 13–7ని మర్చిపోవాలని నేనెలా అననో, ఇదీ అంతే. కమిటీ వాళ్ళకి నా రిక్వెస్ట్ ఒక్కటే. దాని కింద ఒక్క లైను వేయండి: ‘మెస్ అన్నలకి మూడు నెలలు జీతం రాని రోజుల్లో తీసిన ఫొటో.’ ఆ నెల బాకీ సంగతి అడగడానికి నేను శుక్రవారం వార్డెన్ గారి దగ్గరికి వెళ్తున్నాను. ఆ రోజు ఉల్లిపాయలు తరిగినవాళ్ళు ఎవరైనా వస్తానంటే సాయంత్రం నాలుగింటికి మెస్ దగ్గర కలుద్దాం.