రాజకుమారి కరివేపాకు కాదు

కత్తియుద్ధాల సినిమా పెట్టినప్పుడు మగపిల్లలు చేసే పని ఒకటుంది. పాట మొదలవగానే ఫోన్‌లో గబగబా ముందుకు జరిపేస్తారు. "ఈ ప్రేమ గోల ఎందుకమ్మా మధ్యలో, ఫైటు చూద్దాం" అంటారు. ఆడపిల్లలైతే పాట చూసి, ఫైటు రాగానే మంచినీళ్లకు లేస్తారు. మా ఇంట్లో ఇదే తంతు. మీ ఇళ్లలోనూ ఇంచుమించు ఇంతే అయ్యుంటుంది.

ఇంతకీ సాహసాల కథలో ప్రేమకు పనేమిటి? నేను చదివింది ఇంటర్ వరకే కాబట్టి పెద్ద పెద్ద విమర్శలు రాయడం నాకు రాదు. కానీ కుక్కర్ మూడో కూత వేసేలోపు వారపత్రిక సీరియల్ చదివి ముగించిన చేయి ఇది. కథలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు కదా!

ప్రేమ లేకుండా సాహస కథ నడవదా అంటే, భేషుగ్గా నడుస్తుంది. 'చందమామ' వచ్చే రోజుల్లో దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియల్స్ గుర్తున్నాయా? 1954లో మొదలైన 'తోకచుక్క' దగ్గర్నుంచి 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ' దాకా మాంత్రికులు, వింత మృగాలు, పాడుబడ్డ కోటలే. పిల్లల పత్రిక కనుక ప్రేమ ముచ్చట్లకు అందులో పెద్దగా చోటు లేదు. అయినా వచ్చే నెల సంచిక కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసేవాళ్లు. కాబట్టి ప్రేమ తప్పనిసరి దినుసు కాదు. వేస్తే మాత్రం ఎందుకు వేశామో తెలిసి వెయ్యాలి. అసలు చిక్కంతా అక్కడే.

మన జానపద సినిమాలకు పెద్దక్కలాంటిది 'పాతాళభైరవి'. 1951లో విజయా వారు తీశారు. కె.వి.రెడ్డిగారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావుగారి మాటలు. తోటరాముడుగా ఎన్టీఆర్, నేపాళ మాంత్రికుడుగా ఎస్వీ రంగారావు, రాజకుమారి ఇందుమతిగా మాలతి. సాహసం చేస్తే రాజకుమారి దక్కుతుందని మాంత్రికుడు తోటరాముడికి ఆశ పెట్టే మాట తెలుగునాట తెలియని ఇల్లు లేదు. ఇప్పటికీ పెద్దవాళ్లు కుర్రాళ్లను ఆటపట్టించడానికి ఆ మాటే వాడతారు.

ఆ మాట అన్నది ఎవరో ఒక్కసారి ఆలోచించండి. అన్నవాడు దొంగ. కుర్రాణ్ణి దేవికి బలివ్వాలని తీసుకెళుతున్న మాంత్రికుడు. సాహసానికి కూలి రాజకుమారి అనుకునేది అతను. అటు రాజుగారు కూడా తనతో సమానమైన సంపద తెస్తేనే పిల్లనిస్తానంటాడు. ఇద్దరూ ఆమెకు ధర కట్టినవాళ్లే. ఇందుమతి మాత్రం రాముడి చేతిలో చిల్లిగవ్వ లేని రోజునే, తోటమాలి కొడుకుగా ఉన్నప్పుడే అతణ్ణి ఇష్టపడింది. మేడలూ మిద్దెలూ తర్వాత వచ్చాయి.

సినిమా రెండో సగంలో కోరినవన్నీ ఇచ్చే బొమ్మ మాంత్రికుడి చేతికి చిక్కుతుంది. ఇందుమతిని ఎత్తుకుపోతాడు. భవనం వచ్చింది, భోగం వచ్చింది, ఆమె మనసు మాత్రం రాలేదు. అన్నీ ఇచ్చే బొమ్మ కూడా ఇవ్వలేనిది ఒకటుందని కథ చెప్పకనే చెబుతోంది. అక్కడ ప్రేమను తీసేసి చూడండి. ఒక బొమ్మ కోసం ఇద్దరు మగాళ్ల కొట్లాట మిగులుతుంది, అంతే.

ఇంకా వెనక్కి వెళదాం. సుందరకాండను మించిన సాహసం ఎక్కడుంది? సముద్రం దాటడం, లంక కాల్చడం అందరికీ గుర్తే. మధ్యలో అశోకవనంలో జరిగింది మాత్రం గబగబా దాటేస్తాం. నా వీపు మీద ఎక్కు తల్లీ, ఇప్పుడే రాముడి దగ్గరకు చేరుస్తానని హనుమంతుడు అడుగుతాడు. సీతమ్మ వద్దంటుంది. రాముడే వచ్చి రావణుణ్ణి గెలిచి తీసుకెళ్లాలి, అదే ఆయనకు తగిన పని అంటుంది. నెల దాటితే బతకనని గడువు కూడా పెట్టి, చూడామణి ఇచ్చి పంపుతుంది. ఆమె సరేనంటే వారధీ లేదు, యుద్ధకాండా లేదు. చెరలో కూర్చున్న ఆడమనిషి మాట మీద మిగతా కథంతా నడిచింది.

బుర్రకథల్లో విన్న బాలనాగమ్మ సంగతీ అంతే. 1942లో కాంచనమాల ఆ వేషం వేస్తే జనం విరగబడి చూశారట. మాయల ఫకీరు ప్రాణం ఎక్కడో ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. వెళ్లి ఆ చిలకను పట్టేది కొడుకు బాలవర్ధి. కానీ ప్రాణం ఎక్కడుందో ఫకీరు నోటి నుంచే రాబట్టేది బాలనాగమ్మ. ఏళ్ల తరబడి నోము పేరు చెప్పి వాణ్ణి దగ్గరకు రానివ్వకుండా నిలవడం ఎవరి సాహసం కంటే తక్కువ?

నేను గమనించిందేమంటే, సాహస కథలో ప్రేమ చేసే పని ముఖ్యంగా రెండు. మొదటిది భయం పుట్టించడం. హీరో గెలుస్తాడని మనకు ముందే తెలుసు. కత్తి అతని మెడ మీద ఉన్నా మనం వేరుశనగలు తింటూనే ఉంటాం. అతని కోసం ఎదురుచూసే మనిషి ఒకరున్నారని తెలిస్తేనే చెయ్యి ఆగుతుంది. రెండోది, బలవంతుడి లోపల మనిషెవరో చూపించడం. పదిమందిని కొట్టినవాడు ఒక ఆడపిల్ల ముందు ఎలా నిలబడ్డాడన్నదాంతో అతని అసలు రంగు బయటపడుతుంది.

ఈ రెండు పనులూ చెయ్యని ప్రేమ కూరలో కరివేపాకే. వాసన కోసం వేస్తారు, తినేటప్పుడు తీసి పక్కన పడేస్తారు. రెండు పాటలు, ఒక కిడ్నాపు, చివర్లో హీరో పక్కన నిలబడి చిరునవ్వు. ఇలాంటి రాజకుమారులను ఎంతమందిని చూడలేదు మనం!

రెండు రకాలూ పక్కపక్కనే చూడాలంటే 'బాహుబలి' చాలు. 2015లో వచ్చిన మొదటి భాగంలో అవంతిక కత్తి పట్టిన పిల్ల. దేవసేనను విడిపించే బాధ్యత తలకెత్తుకుంది. శివుడు ఆమె కోసమే జలపాతం ఎక్కి వస్తాడు. అంతవరకు బాగుంది. ఆ తర్వాత ఆమె కవచం తీసి, అలంకరించి, అద్దంలాంటి నీళ్లలో నీ అందం చూసుకో అన్నట్టు చూపిస్తారు. అది ప్రేమేనా, బలవంతమా అని అప్పట్లో పెద్ద చర్చే జరిగింది. నన్నడిగితే అంతకంటే బాధ ఏమిటంటే, ఆ తర్వాత ఆమె పని కూడా శివుడే తీసేసుకున్నాడు. పిల్ల కథలోంచి జారిపోయింది.

2017లో వచ్చిన రెండో భాగంలో దేవసేనను చూడండి. భల్లాలదేవుడి సంబంధం నగలతో సహా వస్తే తిప్పికొట్టింది. శత్రువులు మీద పడ్డ రాత్రి అమరేంద్ర బాహుబలి ఆమెను వెనక్కి నెట్టి తానొక్కడే కొట్టలేదు, ఒకేసారి మూడు బాణాలు వెయ్యడం నేర్పించి పక్కన నిలబడ్డాడు. నా వరకు ఆ సినిమా మొత్తంలో ప్రేమ సన్నివేశం అంటే అదే. నిండు సభలో ఆమె మాట కోసం అతను సింహాసనం వదులుకున్నాడంటే మనం నమ్మేది అందుకే.

"సినిమాలే కదా, ఇంత ఆలోచన ఎందుకు?" అంటారేమో. మా వీధిలో ఇంటర్ చదివే పిల్ల ట్యూషన్‌కు వెళ్లే దారి మార్చుకుంది. ఎందుకంటే ఒక కుర్రాడు రోజూ వెంటపడుతున్నాడు. వాడేం రౌడీ కాదు, చేతిలో సంచీ బరువుగా కనిపిస్తే అందుకునే పిల్లాడే. పిలిచి అడిగితే "పట్టు వదలకూడదు కదా ఆంటీ" అన్నాడు. వాడి లెక్కలో అదొక సాహసం. ఆ పిల్ల "వద్దు" అనడం కొండలాగా, సముద్రంలాగా దాటాల్సిన అడ్డు. పాపం, మాంత్రికుడి మాటను వాడు నిజమనుకున్నాడు. సముద్రానికి మనసుండదు, పిల్లకు ఉంటుందని వాడికి ఏ కథా చెప్పలేదు. కాసేపు కూర్చోబెట్టి నేను చెప్పాను. తలొంచుకుని విన్నాడు. ఆ పిల్ల మళ్లీ పాత దారిన వెళ్లడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

అందుకే కథ చదివినా, సినిమా చూసినా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. మీరూ వేసి చూడండి.

ఒకటి: ఆమెను కథలోంచి తీసేస్తే ఏం మారుతుంది? ఏమీ మారకపోతే ఆమె కరివేపాకే.

రెండు: ఆమె "వద్దు" అంటే కథానాయకుడు ఆగుతాడా? ఆగనివాడికీ ఎత్తుకుపోయే మాంత్రికుడికీ తేడా ఏమిటి?

మూడు: ప్రమాదం వచ్చినప్పుడు ఆమె ఏం చేసింది? కత్తే పట్టనక్కర్లేదు. సీతమ్మలా ఒక నిర్ణయం, బాలనాగమ్మలా ఒక ఉపాయం చాలు.

ఇలా అడిగితే సినిమా రుచి చెడిపోతుందేమోనని భయపడకండి. మంచి కథలు ఈ ప్రశ్నలకు తట్టుకుని నిలబడతాయి. ఇంకా రుచిగా కూడా అనిపిస్తాయి.

రాత్రి పిల్లలకు అన్నం కలిపి పెడుతూ మనం చెప్పే కథల్లోనూ రాక్షసుడు ఎత్తుకెళ్లిన రాజకుమారి ఉంటుంది. రాజకుమారుడు గుర్రం ఎక్కి బయలుదేరగానే అక్కడ కాస్త ఆగండి. "ఇంతలో ఆ కోటలో రాజకుమారి ఏం చేస్తోందో చెప్పు చూద్దాం" అని పిల్లల్నే అడగండి. మా చిన్నవాణ్ణి అడిగితే "తాళంచెవి ఎక్కడుందో వెతుకుతోంది" అన్నాడు. మర్నాడు ఆ కథే మళ్లీ చెప్పమన్నాడు, ఈసారి కోట లోపలి నుంచి మొదలుపెట్టమన్నాడు.