పిల్లి అన్నాక కక్కకుండా ఉంటుందా?

పిల్లులున్న ఇళ్ళల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. "పిల్లి అన్నాక కక్కకుండా ఉంటుందా?" అని. సోఫా మీద వాంతి చేసుకున్నా అదే మాట, రెండ్రోజులు వరసగా విరేచనాలైనా అదే మాట. చుట్టాలూ అంటారు, పక్క ఫ్లాటు వాళ్ళూ అంటారు. వినడానికి ఓదార్పుగానే ఉంటుంది గానీ, పిల్లులకి ఇంతకంటే చెరుపు చేసే మాట ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఎప్పుడో ఒకసారి వెంట్రుకల ఉండ కక్కడం మామూలే. ఒళ్ళంతా నాకి మింగిన బొచ్చు ఎటో ఒకవైపు బయటికి రావాలి కదా. కానీ వారానికోసారి, పదిరోజులకోసారి కక్కుతూ, మధ్యమధ్యలో మోషన్స్ అవుతూ ఉంటే అది పిల్లి స్వభావం కాదు, జబ్బు. 2013లో అమెరికా పశువైద్య పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. చాలాకాలంగా వాంతులో, విరేచనాలో, బరువు తగ్గడమో ఉండి, అల్ట్రాసౌండులో చిన్నపేగు గోడ దళసరిగా కనిపించిన 100 పిల్లుల్ని పరీక్షించారు. పేగు ముక్క తీసి చూస్తే 99 పిల్లులకి నిజంగానే పేగు జబ్బుంది. అందులో 49కి దీర్ఘకాలపు వాపు, 46కి లింఫోమా, అంటే క్యాన్సర్. అల్ట్రాసౌండులో తేడా కనిపించిన పిల్లులే కాబట్టి, కక్కే ప్రతి పిల్లికీ ఈ లెక్క వర్తించదు. అయినా "ఆ, పిల్లులంతే" అని ఎన్నో నెలలు వదిలేస్తే లోపల ఏం జరుగుతుండొచ్చో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఒకటే. పదే పదే కడుపు చెడే పిల్లికి ప్రతిసారీ కొత్త జబ్బు రావట్లేదు. చాలామట్టుకు ఒకే జబ్బు మళ్ళీ మళ్ళీ బయటపడుతోంది. మనం మాత్రం ప్రతిసారీ కొత్తగా కంగారు పడి, కొత్తగా మందేసి, తగ్గగానే మర్చిపోతున్నాం.

మా వృత్తిలో ఇది రోజూ చూసే తంతే. సర్వరు వారానికోసారి పడిపోతుంటుంది. రీస్టార్ట్ చేస్తే లేస్తుంది. అలా ఆర్నెల్లు రీస్టార్టులతో నెట్టుకొచ్చినవాడు సమస్య తీర్చినట్టు కాదు, దాంతో కాపురం చేసినట్టు. లాగ్ చూడాలి. ఎప్పుడు పడింది, దానికి ముందు ఏం మారింది అని అడగాలి. ఒకేసారి నాలుగు మార్చకుండా ఒక్కొక్కటే మార్చి చూడాలి. పిల్లి పేగుకి కూడా ఇంతకంటే గొప్ప సూత్రం ఏమీ అక్కర్లేదు.

మా బూచి సంగతి చెప్తాను. హైదరాబాదులో మా అపార్ట్‌మెంటు సెల్లారులో వానాకాలంలో దొరికిన ఆడపిల్లి. ఇప్పుడు నాలుగేళ్ళుంటాయి. పోయినేడాది దానికి కడుపు చెడడం మొదలైంది. దగ్గర్లోని క్లినిక్కుకి మూడుసార్లు తీసుకెళ్ళాం. మూడుసార్లూ ఒక ఇంజెక్షనూ, ఒక యాంటీబయాటిక్కూ. తగ్గడం, రెండువారాల్లో మళ్ళీ రావడం. "ఏం తింటోంది?" అన్న ప్రశ్న మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. మూడో విజిట్లో నేనే అడిగి తూకం వేయించాను. మొదటిసారి 4.1 కిలోలున్నది 3.5కి దిగింది. మనకి ఆరొందల గ్రాములంటే లెక్కలోది కాదు. నాలుగు కిలోల ప్రాణికి అది ఒంట్లో ఏడో వంతు. బొచ్చు ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు. రోజూ ఒళ్ళో కూర్చోబెట్టుకునే వాళ్ళకి అసలే కనపడదు.

అప్పుడు వేరే డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ముందు మలం పరీక్ష చేయించారు. వీధిలో పుట్టిన పిల్లుల్లో నులిపురుగులు, జియార్డియా సాధారణం కాబట్టి ఎవరైనా అక్కణ్ణించే మొదలెట్టాలి. రక్తపరీక్ష కూడా చేశారు. పదేళ్ళు దాటిన పిల్లయితే థైరాయిడ్, కిడ్నీలు తప్పకుండా చూడాలట. ఇవన్నీ బాగానే ఉన్నాయని తేలాక, "తిండి రాసుకోండి. తేదీలు రాసుకోండి. నెల తర్వాత రండి" అన్నారు. మూడు క్లినిక్కు బిల్లుల తర్వాత మాకు దొరికిన మొదటి వైద్యం అదే, అదీ పైసా ఖర్చు లేనిది.

రాసే పని అమ్మకి అప్పగించాను. దానికో కారణముంది. మా ఇంట్లో ప్రేమంటే పెట్టడమే. మనిషికైనా, పిల్లికైనా, కాకికైనా. బూచి వచ్చి కాళ్ళకి రాసుకుందంటే అమ్మ చెయ్యి గిన్నె వైపు వెళ్ళిపోతుంది. "పెట్టకమ్మా" అని వంద సార్లు చెప్పడం కన్నా, లెక్క ఆవిడ చేతికే ఇవ్వడం నయమనిపించింది. గోడ మీద తెలుగు కాలెండరులో గ్యాస్ సిలిండరు వచ్చిన తేదీ, పాలవాడి నాగాలు రాసుకునే చోటే బూచి వాంతులకి ఎర్రచుక్క, విరేచనాలకి నల్లచుక్క పడడం మొదలైంది. ఏం తిన్నదో పక్కనే చిన్న అక్షరాల్లో.

మొదట్లో అమ్మ సిద్ధాంతం వేరు. "ఒరే, ఇది అమావాస్యకే కక్కుతోందిరా" అనేది. నేను వాదించలేదు, చుక్కలు పెట్టమన్నాను. ఐదువారాలయ్యాక చూస్తే అమావాస్య నాడు ఒక్క చుక్కా లేదు. ఎర్రచుక్కల్లో ముప్పాతిక వంతు సోమవారాలే. ఆదివారం మా ఇంట్లో చేపల పులుసు. పులుసులో వెయ్యకముందే ఒక ముక్క ఉడకబెట్టి బూచి కోసం పక్కన పెట్టడం అమ్మ అలవాటు.

పిల్లికి చేప పడదంటే ఎవరు నమ్ముతారు చెప్పండి! అమ్మయితే డాక్టరు గారిని కూడా నమ్మలేదు. కానీ 2016లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం పిల్లుల్లో తిండి వల్ల వచ్చే అలర్జీలకి ఎక్కువగా కారణమయ్యేవి గొడ్డుమాంసం, చేప, కోడి. అది చర్మం మీద బయటపడే అలర్జీల లెక్కే అయినా విషయం అర్థమవుతుంది. పిల్లికి ఏదో అరుదైన పదార్థం పడకపోవడం కాదు, రోజూ తినేదే పడకపోవచ్చు.

అనుమానం వచ్చాక నిర్ధారణ కావాలి. దానికి డాక్టరు గారు హైడ్రోలైజ్డ్ ప్రొటీన్ తిండి రాశారు. ప్రొటీన్ని ఎంత చిన్నముక్కలు చేస్తారంటే, ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని ఫలానాదని గుర్తుపట్టలేదు. వారంపాటు పాత తిండిలో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చి, ఆ తర్వాత అదొక్కటే. పాలు లేవు, ట్రీట్లు లేవు, పక్కింటి పాప పెట్టే బిస్కెట్టు కూడా లేదు. చర్మం జబ్బులకైతే ఈ పరీక్ష రెండు నెలలు నడపాలి గానీ, కడుపుకి సాధారణంగా రెండుమూడు వారాల్లో తేలిపోతుంది. బూచికి పదోరోజుకి మలం గట్టిపడింది. మూడువారాలు ఒక్క చుక్క లేదు. ఆ తర్వాత ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూశాం. కోడికి ఏమీ కాలేదు. చేప పెట్టిన మర్నాడే ఎర్రచుక్క.

ఇది మా ఒక్క పిల్లి అదృష్టం కాదు. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో, కారణం తెలియని దీర్ఘకాలపు కడుపు బాధలున్న 55 పిల్లులకి ఇలాగే తిండి మార్చి చూశారు. 16 పిల్లులకి తిండే కారణమని రుజువైంది. ఇంకో 11 పిల్లులకి తిండి మార్చాక తగ్గింది, పాతది మళ్ళీ పెట్టినా తిరిగి రాలేదు. అంటే దాదాపు సగం పిల్లులకి గిన్నె మారిస్తే సరిపోయింది. మిగతా సగానికి స్కానింగూ, బయాప్సీ లాంటివి అవసరం కావచ్చు. కానీ ముందు ఈ సగంలో ఉన్నామో లేదో చూసుకోకుండా యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ వాడడం ఏం న్యాయం?

ఇక మన ఇంటివైద్యాల గురించి. పెద్దవాళ్ళు "లంఖణం పరమౌషధం" అన్నారు గానీ అది మనుషుల గురించి. పిల్లి రెండుమూడు రోజులు తిండి మానేస్తే, అందులోనూ లావుపాటి పిల్లయితే, కొవ్వు కాలేయానికి పట్టి ప్రాణం మీదకి వస్తుంది. ఒక పూర్తిరోజు ఏమీ తినలేదంటే డాక్టరుకి చూపించాల్సిందే. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి సామెత మనందరికీ తెలుసు. పెద్దయ్యాక చాలా పిల్లులకి పాలలోని లాక్టోజ్ అరగదన్నది మాత్రం ఆ సామెతలో లేదు. పెరుగన్నం ఒక పూటకి విషమేమీ కాదు, కానీ అదే భోజనమైతే కష్టం. మాంసాహారంలో మాత్రమే తగినంత దొరికే టారిన్ లేకపోతే పిల్లి గుండె పాడవుతుందని 1987లోనే తేల్చారు. అన్నిటికంటే ముఖ్యం, ఒళ్ళు వెచ్చగా ఉందని పారాసెటమాల్ ముక్క వెయ్యకండి. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర చాలు చంపడానికి. మనం వేసుకునే విరేచనాల మాత్రలు కూడా డాక్టరుని అడక్కుండా వద్దు.

ఇంకో రెండు సంగతులు. పూలదండ విప్పాక మిగిలిన దారం, గాలిపటాల మాంజా పిల్లికి ఆటవస్తువులు కావు. మింగితే పేగుని గుడ్డ మీద కుట్టు లాగినట్టు ముడతలు పెట్టేస్తుంది. నోట్లోంచో వెనకనుంచో దారం కొస కనిపించినా లాగకుండా తీసుకెళ్ళండి. రెండోది, మగపిల్లి పదే పదే ఇసుక డబ్బాలోకి వెళ్ళి ముక్కుతూ ఉంటే మలబద్ధకం అనుకుంటారు. చాలాసార్లు అది మూత్రం బిగుసుకుపోవడం. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అలాంటప్పుడు కాలెండరూ లేదు, చుక్కలూ లేవు, ఆ గంటలోనే పరుగెత్తాలి.

"పిల్లికి ఇంత అవసరమా? మనుషులకే దిక్కులేదు" అనేవాళ్ళుంటారు. పరీక్షలకీ, ఆ ప్రత్యేకమైన తిండికీ డబ్బు బాగానే అవుతుంది, కాదనను. అందరివల్లా కాదు కూడా. కానీ మేం ముందు చేసినవాటికి డబ్బు లేదు. కాలెండరు, పెన్ను, నెలకోసారి తూకం. బుట్టతో సహా కిరాణా కొట్టు త్రాసు మీద పెట్టి, బుట్ట బరువు తీసేస్తే చాలు. చేప మానేస్తే ఖర్చు పెరగదు, తగ్గుతుంది. పైగా తనకి ఎక్కడ నొప్పో చెప్పుకోలేని ప్రాణి అది. మనం రాసి పెట్టకపోతే దాని తరఫున డాక్టరుకి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

బూచికి పూర్తిగా నయమైందని చెప్పను. ఈ ఆర్నెల్లలో రెండుసార్లు కడుపు చెడింది, రెండూ ఒక్కరోజులో సర్దుకున్నాయి. బరువు 4 కిలోలకి వచ్చింది. ఆదివారం చేపల పులుసు ఉడుకుతుంటే వంటింటి గడప దగ్గర కూర్చుని అరుస్తుంది. అమ్మకి ఆ అరుపు భరించడం ఇప్పటికీ కష్టమే. లేచి వెళ్ళి నాలుగు కోడి ముక్కలు వేసి, కాలెండరులో రాసి వస్తుంది.