రెండెకరాలు, ఒక ట్రాక్టరు

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో నివసించే తెలుగు కుటుంబాల జీవితం రెండు తేదీల మధ్య సాగుతుంది. ఒకటి రైల్వే ఉద్యోగంలో చేరిన తేదీ, రెండోది పదవీ విరమణ తేదీ. ఆ రెండో తేదీ దాటిన కొద్ది నెలల్లో క్వార్టర్ ఖాళీ చేయాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వర్క్‌షాపు పనికి వలస వచ్చిన కార్మికుల మనవలు, మునిమనవలు ఈనాటికీ అదే ప్రశ్న ఎదుర్కొంటున్నారు. ఈ ఊళ్లోనే ఒక గూడు చూసుకోవాలా, హౌరా-చెన్నై మార్గంలో రైలెక్కి పలాసలోనో, శ్రీకాకుళం రోడ్డులోనో దిగి సొంతూరు చేరాలా? ఊళ్లో తాతల నాటి రెండెకరాలు మిగిలి ఉన్నవారికి ఈ ప్రశ్న వెనుకే మరో ప్రశ్న వస్తుంది. ఎడ్లు లేవు, కూలీలు దొరకరు. చేతికందిన గ్రాట్యుటీ, భవిష్య నిధి సొమ్ముతో ఒక చిన్న ట్రాక్టరు కొంటే ఎలా ఉంటుంది?

ఇది ఒక కుటుంబం సొంత లెక్కలా కనిపిస్తుంది. నిజానికి గత పదేళ్లుగా ప్రభుత్వాలు వ్యవసాయ యాంత్రీకరణ పేరుతో అనుసరిస్తున్న విధానం మొత్తం ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉంది.

భారతదేశం ప్రపంచంలోనే అతి పెద్ద ట్రాక్టర్ల మార్కెట్. అయితే ఇక్కడ ఎక్కువగా అమ్ముడయ్యేవి 41 నుంచి 50 హార్స్ పవర్ సామర్థ్యం గలవి. మరోవైపు 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం విస్తీర్ణం 1.08 హెక్టార్లు. పశ్చిమ బెంగాల్‌లో అది 0.76, ఆంధ్రప్రదేశ్‌లో 0.94, తెలంగాణలో ఒక హెక్టారు. మొత్తం కమతాల్లో 86 శాతానికి పైగా చిన్న, సన్నకారు రైతులవే. ఇంత పెద్ద యంత్రాలకు, ఇంత చిన్న మడులకు పొత్తు కుదరదు. గట్టు దాటడానికి దారి ఉండదు, మడిలో తిరగడానికి చోటు చాలదు. అందుకే బెంగాల్ రైతు చాలాకాలం పవర్ టిల్లర్‌ను నమ్ముకున్నాడు. ఆ ఖాళీని ఇరవై, ముప్పై హార్స్ పవర్ ట్రాక్టర్లు పూడుస్తాయన్నది తయారీదారుల ఆశ.

ఈ ఆశ వెనుక ఒక చరిత్ర ఉంది. దేశీయంగా రూపకల్పన చేసిన స్వరాజ్ ట్రాక్టరు పుట్టింది పశ్చిమ బెంగాల్‌లోనే, దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థలో. పంజాబ్ ప్రభుత్వ సంస్థ దానిని 1974లో మార్కెట్లోకి తెచ్చింది. తొలి నమూనా స్వరాజ్ 724 సామర్థ్యం 26.5 హార్స్ పవర్. అంటే, ఈ రోజు ‘కాంపాక్ట్’ అని కొత్తగా అమ్ముతున్న పరిమాణంతోనే స్వదేశీ ట్రాక్టరు ప్రయాణం మొదలైంది. ఆ సంస్థ 2007లో మహీంద్రా చేతికి వెళ్లింది. అదే మహీంద్రా 2023 ఆగస్టు 15న విడుదల చేసిన ‘ఓజా’ శ్రేణి తేలికపాటి ట్రాక్టర్లు తెలంగాణలోని జహీరాబాద్‌లో తయారవుతున్నాయి. అమెరికా మార్కెట్ కూడా వాటి లక్ష్యాల్లో ఉంది. అక్కడ ఐదెకరాల ఇంటి స్థలం ఉన్న ఉద్యోగికి చిన్న ట్రాక్టరు గడ్డి కోసే, మంచు తోసే సౌకర్యం. ఇక్కడ రెండెకరాల మనిషికి అది జీవితకాలపు పొదుపు. యంత్రం ఒకటే అయినా కొనేవారికి ఎదురయ్యే నష్టభయం ఒకటి కాదు.

లెక్క వేసి చూడాలి. విడుదల నాడు 27 హార్స్ పవర్ ఓజా ధర పుణె షోరూమ్‌లో రూ.5,64,500. రోటవేటరు, దమ్ము చక్రాలు, ట్రాలీ అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, టైర్లు, విడిభాగాలపై 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఇది స్వాగతించదగిన ఊరటే. అయినా మొదటి ధరను పదేళ్లకు పంచితే ఏడాదికి రూ.56 వేలు దాటుతుంది. రెండెకరాల వరి పొలంలో రెండు పంటలకు దుక్కి, దమ్ము, చదును అన్నీ కలిపినా ట్రాక్టరుకు ఏడాదిలో సుమారు ముప్పై గంటల పని మాత్రమే ఉంటుంది. వడ్డీ, డీజిల్, మరమ్మతులు పక్కన పెట్టినా గంటకు దాదాపు రూ.1,900 అరుగుదల ఖర్చు పడుతుంది. కొత్త ట్రాక్టరుకు తొలి సర్వీసు సాధారణంగా యాభై గంటలకు చేయిస్తారు. ఈ రైతు ఆ యాభై గంటలు చేరేసరికి రెండో ఏడాది సగం గడిచిపోతుంది. అదే యంత్రం ఏడాదికి ఆరు వందల గంటలు నడిస్తే గంటకు అరుగుదల వంద రూపాయలలోపే.

మరి లెక్క ఇంత స్పష్టంగా ఉన్నా ఎందుకు కొంటారు? దీనిని ఆడంబరమని తీసిపారేయడం తేలిక, కానీ అన్యాయం. తొలకరి పడిన వారం రోజుల్లో ఊరందరికీ ట్రాక్టరు ఒకేసారి కావాలి. అద్దె ట్రాక్టరు ముందుగా పది ఎకరాలు ఒకే చోట ఉన్న ఆసామి పొలంలోకి వెళ్తుంది. ముక్కలుగా ఉన్న మడుల్లో మలుపులకే సమయం పోతుంది కనుక యజమాని రెండెకరాల మనిషిని చివరికి నెడతాడు. ఆలస్యమైతే నారు ముదురుతుంది, పదును పోతుంది, దిగుబడి తగ్గుతుంది. సొంత ట్రాక్టరుకు చెల్లించే అధిక ధర ఆ నిరీక్షణ నుంచి విముక్తికి చెల్లించే ధర. ఉద్దానం కొబ్బరి తోటల్లోనూ, పలాస జీడి తోటల్లోనూ చెట్ల వరుసల మధ్య పెద్ద ట్రాక్టరు ఇమడదు. అక్కడ చిన్న యంత్రం అవసరం మరింత న్యాయమైనది. కాబట్టి తప్పు కొనేవారిది కాదు. వంతు దొరకదన్న భయంతో ప్రతి ఒక్కరూ సొంతంగా కొనక తప్పని స్థితి కల్పించిన విధానానిది.

ఆ విధానంలో కేంద్రం వాటా 2014-15లో ప్రారంభించిన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం. చిన్న, సన్నకారు, మహిళా, ఎస్సీ, ఎస్టీ రైతులకు యాభై శాతం, ఇతరులకు నలభై శాతం వరకు రాయితీ అందులోని సూత్రం. అద్దె యంత్ర కేంద్రాలకూ చోటుంది. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం ప్రభుత్వం 2017లో ‘రైతు రథం’ పేరుతో వ్యక్తులకు రాయితీ ట్రాక్టర్లు ఇచ్చింది. వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం ‘యంత్ర సేవ’ పేరుతో రైతు సంఘాల వైపు మళ్లింది. 2022 జూన్ 7న గుంటూరులో 3,800 ట్రాక్టర్లు, 320 కోత యంత్రాల పంపిణీకి ముఖ్యమంత్రి జెండా ఊపారు. నలభై శాతం రాయితీ, యాభై శాతం బ్యాంకు రుణం, పది శాతం సంఘం వాటా అన్నది ఆ పథకం పద్ధతి. ఆలోచనగా రెండోది మేలైనది. అయితే సంఘం పేరున వచ్చిన యంత్రం చివరకు ఒక్కరి పెరట్లో స్థిరపడడం పల్లెలకు కొత్త కాదు. తెలంగాణలో పల్లె ప్రగతి కింద 12,769 గ్రామ పంచాయతీలకూ ట్రాక్టర్లు సమకూర్చారు. అవి పారిశుద్ధ్యానికి ఉపయోగపడ్డాయి కూడా. తర్వాత వాటి డీజిల్, నిర్వహణ భారమైందన్న ఫిర్యాదులు తప్పలేదు.

మూడు అనుభవాల్లోనూ ఉన్న బలహీనత ఒక్కటే. ప్రభుత్వాలు యంత్రాన్ని లెక్కపెడతాయి, అది పనిచేసిన గంటలను లెక్కపెట్టవు. తాళం చెవి అందించే దృశ్యం ఫొటోకు చిక్కుతుంది. తొలకరి వారంలో ఎవరి మడిలోకి ట్రాక్టరు ముందు దిగిందన్నది ఏ ఫొటోకూ చిక్కదు. పథకం పేరు మార్చడానికి చూపే శ్రద్ధలో పదో వంతు వంతుల జాబితా మీద చూపినా పరిస్థితి వేరుగా ఉండేది.

అంతకంటే లోతైన చిక్కు భూమి హక్కులో ఉంది. ఖరగ్‌పూర్‌లో ముప్పై అయిదేళ్లు పనిచేసిన కుటుంబం ఊళ్లోని రెండెకరాలను ఇన్నాళ్లూ ఎవరో ఒకరికి కౌలుకు ఇచ్చే ఉంటుంది. పాసు పుస్తకం ఖరగ్‌పూర్‌లో ఉంటుంది, నాగలి పట్టిన చెయ్యి శ్రీకాకుళంలో ఉంటుంది. చిన్న ట్రాక్టరుతో యజమాని తిరిగి వచ్చిన రోజున ఆ కౌలుదారు సంగతేమిటి? మనుషుల అవసరం తగ్గించే యంత్రం స్వయంగా సాగు చేసుకునే ధైర్యాన్ని యజమానికి ఇస్తుంది. అదే కౌలుదారు చేతిలోని పొలాన్ని తీసేసుకుంటుంది. యజమాని తన భూమికి తిరిగి రావడం నేరం కాదు. కానీ ప్రజాధనంతో ఇచ్చే రాయితీ భూమి పత్రం ఉన్నవారికే చేరి, దశాబ్దాలు దున్నినవారికి చేరకపోవడం న్యాయం కాదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఈ కుటుంబాలు తరతరాలుగా నివసించిన పశ్చిమ బెంగాల్‌లో వామపక్ష ప్రభుత్వం 1978లో ఆపరేషన్ బర్గా ప్రారంభించి, సుమారు పద్నాలుగు లక్షల మంది పాలుదారు రైతుల పేర్లను భూమి రికార్డుల్లోకి ఎక్కించింది. వారి భూములున్న ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం యజమాని సంతకం లేకుండానే కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వడానికి వీలు కల్పించగా, 2019లో వచ్చిన చట్టం యజమాని అంగీకరించిన ఒప్పందాన్ని తప్పనిసరి చేసింది. ముందుకు వేసిన అడుగును వెనక్కి తీసుకోవడమే ఇది. సంతకం దొరకని కౌలుదారుకు ప్రభుత్వం దృష్టిలో సాగుదారుగా ఉనికి లేదు. ఉనికి లేనివాడికి ట్రాక్టరు రాయితీ ప్రసక్తే రాదు.

పరిష్కారం కోసం దూరం వెళ్లనక్కర లేదు. ఓల్డ్ సెటిల్‌మెంట్ వాసులకు అది బాగా తెలిసిన విషయమే. రైల్వే ప్రతి ప్రయాణికుడికీ ఒక ఇంజన్ కొనిపెట్టలేదు. ఇంజన్ ఉమ్మడిది, సమయం పట్టికది. ఏ పెట్టె ఎప్పుడు వర్క్‌షాపుకు రావాలో, ఏ భాగం ఎప్పుడు మార్చాలో ముందే రాసి ఉంటుంది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు మనుగడ అంతా ఆ నిర్ణీతకాలపు మరమ్మతు మీదే ఆధారపడింది. ఉమ్మడి యంత్రం నడవాలంటే సదుద్దేశం చాలదని, పట్టిక, రిజిస్టరు, మరమ్మతు, జవాబుదారీతనం కావాలని ఆ కార్మికులకు వేరే చెప్పనవసరం లేదు. అదే ప్రజాధనంతో నడిచే వ్యవసాయ శాఖ మాత్రం యంత్రం అప్పగించి చేతులు దులుపుకుంటోంది.

కాబట్టి రాయితీ కొనుగోలుకు కాకుండా వినియోగానికి ముడిపడాలి. రైతు కేంద్రాల్లోని ప్రతి ట్రాక్టరుకూ గంటల రిజిస్టరు, బహిరంగంగా అతికించిన వంతుల జాబితా ఉండాలి. తొలకరి వారంలో చిన్న మడులకు నిర్ణీత వాటా దక్కాలి. దున్నేవారికి, వారు కౌలుదారులైనా, అద్దె గంటలపై రాయితీ నేరుగా అందాలి. యజమాని సంతకం షరతు తొలగాలి. విడిభాగాలు, మెకానిక్కు మండలంలోనే దొరకాలి. భద్రతకూ ఈ లెక్కలో చోటుండాలి. గట్టు ఎక్కించేటప్పుడు వెనక్కి తిరగబడడం, కవచం లేని తిరుగుడు షాఫ్టుకు పంచె చిక్కుకోవడం తొలిసారి ట్రాక్టరు నడిపేవారికి పొంచి ఉన్న ప్రమాదాలు. రాయితీ ఇచ్చే ప్రభుత్వం రెండు రోజుల శిక్షణ ఇవ్వలేకపోవడానికి కారణం కనబడదు.

ఎకరానికి ఏడాదికి పదిహేను గంటల చొప్పున నలభై ఎకరాలు కలిస్తే ఆరు వందల గంటలు అవుతాయి. అంటే రెండెకరాల కుటుంబాలు ఇరవై. ఇరవై కుటుంబాలకు ఒక చిన్న ట్రాక్టరు, దాన్ని చూసుకోవడానికి వర్క్‌షాపులో జీవితమంతా బోల్టులు బిగించిన ఒక ఫిట్టరు ఉంటే ఆ యంత్రం అరిగేది పనివల్లే, తుప్పువల్ల కాదు. ఆ ఫిట్టరు పదవీ విరమణ సొమ్ము షెడ్డులో నిలిచిపోదు. అతని పొలం ఇన్నాళ్లు దున్నిన కౌలుదారు కూడా ఆ ఇరవైలో ఒకడై ఉండాలి. ఆ ఏర్పాటు చేయలేని ప్రభుత్వం ఎన్ని తాళం చెవులు పంచినా, తొలకరి వారంలో రెండెకరాల మనిషి వంతు చివరిదే అవుతుంది.