‘వద్దు’ అన్న మాట ఒక్కటే చాలదు

మా అక్క వాళ్లింట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. అంచులు చుట్టుకుపోయాయి, ఒక మూల పసుపు మరక కూడా పడింది. అయినా తియ్యలేదు. మొన్న వీడియోలో మాట్లాడుతూ తను వంటింట్లో అటూ ఇటూ తిరుగుతుంటే అది నా కంట్లో పడింది. ‘ఇంకా ఉంచావా అక్కా?’ అన్నాను. ‘చిన్నాడు కూడా వచ్చే ఆగస్టులో కాలేజీకి వెళ్తున్నాడుగా! వాడికీ పనికొస్తుంది’ అంది.

ఆ కాగితం వెనక ఒక కథ ఉంది. ముందు అది చెప్పి, తర్వాత నా అభిప్రాయం చెబుతాను.

అక్కావాళ్లు ఉండేది అమెరికాలో, దక్షిణాది రాష్ట్రం ఒకదానిలో. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే మన పిల్లలు కాలితో తన్ని ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులా ఉండి రెండు కొసలూ కోసుగా తేలిన బంతిని చంకలో ఇరికించుకుని, ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటూ పరిగెత్తే ఆట. ఆగస్టు ఆఖరు నుంచి శీతాకాలం దాకా శనివారం వచ్చిందంటే ఆ కాలేజీ ఊళ్లకి పండగే. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 మందికి చోటుందంటే ఊహించుకోండి. మన దగ్గర ఒక మోస్తరు టౌను జనాభా మొత్తం ఒకచోట కూర్చున్నట్టే! ఆటకి గంటల ముందే కార్లు పెట్టుకునే చోట పొయ్యిలు వెలిగించి, మాంసం కాల్చుకుంటూ, తింటూ తాగుతూ కబుర్లాడుకుంటారు. దాన్ని టెయిల్‌గేట్ అంటారట. పేరేదైనా తిరనాళ్లే కదా!

అలాంటి తిరనాళ్ల మీద కోవిడ్ వచ్చి పడింది. 2020 ఆగస్టు 11న బిగ్ టెన్ అనే కాలేజీల కూటమి ఆటలు వాయిదా వేస్తున్నామంది. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, కాదు ఆడతామంది. అక్టోబరులో ఆటలు మొదలయ్యాయి గానీ బయటి జనాన్ని రానివ్వలేదు. దక్షిణాది కాలేజీలు చాలావరకు ఆగలేదు. సీట్లలో నాలుగో వంతో అయిదో వంతో నింపి ఆడించాయి. మా అక్క కూతురు అప్పుడే కాలేజీలో చేరింది. పాపం, ఆ మొదటి ఏడాదంతా గదిలో కంప్యూటర్ ముందు కూర్చునే గడిపేసింది.

2021 వచ్చేసరికి టీకాలు వచ్చాయి. స్టేడియాలు బార్లా తెరిచారు. సరిగ్గా అప్పుడే డెల్టా రకం విజృంభించింది. ఆ డెల్టా ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఏడాది మే నెలలో మా మేనత్తకి ఆక్సిజన్ మంచం కోసం ఊళ్లో తిరగని చోటు లేదు. దొరికింది, కానీ ఆలస్యంగా దొరికింది. అందుకే సెప్టెంబరులో అక్క కూతురు ఫోన్ చేసి, ‘పిన్నీ, ఈ శనివారం మొదటి మ్యాచ్. అమ్మ వద్దంటోంది. నువ్వయినా చెప్పవా?’ అని అడిగితే, నేను వాళ్లమ్మ పక్షమే తీసుకున్నాను. ‘ఇంట్లో బామ్మ ఉంది, షుగరుంది. ఏమిటా ఆట పిచ్చి?’ అన్నాను. అది ఇంకేం మాట్లాడలేదు. పిల్లలు వాదించడం మానేస్తే మన మాట విన్నారనుకుంటాం. అదే మన పొరపాటు.

అది వెళ్లింది. చెప్పకుండా వెళ్లింది. ఆ మర్నాడే ఇంటికొచ్చి, బామ్మ పక్కన కూర్చుని పప్పన్నం కలిపించుకుని తింది. మంగళవారం దాని గదిలో ఉండే అమ్మాయికి జ్వరం, పరీక్షలో కోవిడ్. వాళ్లకి అర్ధరాత్రి, మనకి మిట్టమధ్యాహ్నం... ఫోను. ‘పిన్నీ, అమ్మకి ఎలా చెప్పను?’ ఒకటే ఏడుపు. నేనే అక్కకి చెప్పాను. బామ్మగారికి అప్పటికే దగ్గు మొదలైంది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. టీకా వేసుకుని ఉండబట్టి, దేవుడి దయవల్ల నడుచుకుంటూ ఇంటికొచ్చారు.

మనవరాలి వల్లే వచ్చిందా? ఎవరూ చెప్పలేరు. ఆ వారం బామ్మగారు డాక్టరు దగ్గరికీ వెళ్లారు, గుడికీ వెళ్లారు. కానీ ఒకటి మాత్రం నాకు బాగా అర్థమైంది. ఆ పిల్ల ఆటకి వెళ్లడం కన్నా, వెళ్లిన సంగతి దాచడం ఎక్కువ ప్రమాదం. వెళ్లానని చెప్పి ఉంటే ఆ ఆదివారం ఇంటికి రావద్దనేవాళ్లం. లేదా బామ్మకి దూరంగా వరండాలో కూర్చోబెట్టి భోజనం పెట్టేవాళ్లం. మా ‘వద్దు’ దాని కాళ్లని ఆపలేకపోయింది. నోటిని మాత్రం మూయించింది.

‘అయితే లక్ష మంది జనంలోకి పొమ్మని పంపాలా?’ అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2020లో, టీకా లేని రోజుల్లో అడిగితే నేనూ వద్దనే అంటాను. ఆసుపత్రుల్లో మంచాలు దొరకనప్పుడు, ఇంట్లో కేన్సరు మందులు వాడేవాళ్లో, అవయవం మార్పిడి చేయించుకున్నవాళ్లో ఉన్నప్పుడు కూడా వద్దనే అంటాను. ఆ ‘వద్దు’కి కారణం ఉంది, గడువుంది. పిల్లలకి అర్థమవుతుంది. కానీ కారణం చెప్పకుండా, ఎప్పటిదాకానో చెప్పకుండా, పందొమ్మిదేళ్ల పిల్లని రెండేళ్లపాటు ఒకే మాటతో కట్టి ఉంచగలమా?

ఇంతకీ భయమంతా ఎక్కడుందో చూద్దాం. మనకి టీవీలో కనిపించేది ఆరుబయట కూర్చుని అరుస్తున్న జనం. దాన్ని చూసే బెంబేలెత్తిపోతాం. నిజానికి గాలి ఆడే చోట ఈ వైరస్ చెదిరిపోతుంది. నాలుగు గోడల మధ్య నిలిచిపోతుంది. అరుపులూ పాటలూ దాన్ని ఇంకా ఎక్కువ వెదజల్లుతాయి కాబట్టి సీట్లో కూర్చుంటే ఏమీ కాదని అనలేం. కానీ అంతకన్నా ప్రమాదమైనవి మన కంటికి కనిపించవు. కిక్కిరిసిన బస్సు, లోపలి నడవా, బాత్‌రూం ముందు లైను, ఆట గెలిచాక ఎవరి అపార్ట్‌మెంట్‌లోనో తలుపులన్నీ వేసుకుని తెల్లారేదాకా చేసే పార్టీ. ‘స్టేడియంకి వెళ్లకు’ అని మనం కేకలేస్తుంటే, పిల్లలు స్టేడియం మానేసి, అదే మ్యాచ్‌ని ఇరవై మంది ఒక చిన్న గదిలో టీవీ ముందు కూర్చుని చూశారనుకోండి. మన మాట విన్నట్టే లెక్క. జబ్బు మాత్రం అక్కడే తేలిగ్గా అంటుకుంటుంది!

నియమాలు పెట్టేసి చేతులు దులుపుకుంటే సరిపోదనడానికి 2020 నవంబరు 7 రాత్రి మంచి ఉదాహరణ. నోటర్‌డామ్ యూనివర్సిటీ ఆ రోజు సుమారు 11 వేల మందినే లోపలికి రానిచ్చింది. మాస్కులు తప్పనిసరి అంది, దూరదూరంగా కూర్చోబెట్టింది. ఆటంతా బాగానే జరిగింది. అప్పటికి దేశంలో మొదటి స్థానంలో ఉన్న క్లెమ్సన్ జట్టు మీద రెండు అదనపు విడతలాడి 47-40తో గెలిచేసరికి కుర్రకారంతా ఒక్కసారిగా మైదానంలోకి దూకేసింది. దూరం లేదు, ఏమీ లేదు. ఒకళ్ల మీద ఒకళ్లు! నాలుగు గంటలు పాటించింది నాలుగు నిమిషాల్లో పోయింది. ఇరవయ్యేళ్ల వయసుకి అలాంటి సంతోషం వస్తే ఏం చేస్తుందో పెద్దవాళ్లు ముందే ఊహించాలి కదా?

కొన్నిచోట్ల ఊహించారు. 2021లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ పన్నెండేళ్లు దాటిన ప్రతివాళ్లనీ టీకా వేయించుకున్న రుజువు గానీ, 72 గంటల్లోపు చేయించుకున్న పరీక్షలో జబ్బు లేదని తేలిన కాగితం గానీ చూపిస్తేనే లోపలికి రానిస్తామంది. ఆరెగన్ యూనివర్సిటీ కూడా అలాంటి షరతే పెట్టింది. చాలా కాలేజీలు మాత్రం అదేమీ లేకుండానే గేట్లు తెరిచాయి. ఫుట్‌బాల్ అంటే ఆ కాలేజీలకి టిక్కెట్లు, టీవీ హక్కులు, కోట్ల ఆదాయం. ఆదాయం వాళ్లకి, జాగ్రత్త మాత్రం ఇళ్లల్లో అమ్మలకి! టిక్కెట్టు అమ్మినవాళ్లకి బాధ్యత ఉండొద్దూ? గేటు దగ్గర అడగాల్సిన ప్రశ్న గేటు దగ్గరే అడిగి ఉంటే, ఎంతమంది తల్లులకి ఇంట్లో గొడవలు తప్పేవో!

ఇదేమీ కొత్త సమస్య కూడా కాదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి నాడు అట్లాంటాలో జార్జియా టెక్ కాలేజీ ఆటకి వచ్చిన జనం మూతికి గుడ్డలు కట్టుకుని కూర్చున్న ఫొటో ఒకటి ఉంది. వందేళ్ల తర్వాత 2020లో అది మళ్లీ అందరి ఫోన్లలోకీ వచ్చింది. అంటే జబ్బు వచ్చినా జనం ఆటలకి వెళ్లడం మానలేదు. మనవాళ్లు మాత్రం పెళ్లిళ్లు మానారా, జాతరలు మానారా? మనుషులు కలవకుండా ఉండలేరు. ఆ సంగతి ఒప్పుకుని, ఎలా కలవాలో నేర్పితే ఉపయోగం.

ఇక ఆ ఫ్రిజ్ మీది కాగితం సంగతి. బామ్మగారు ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి అందరూ కలిసి కూర్చుని రాసుకున్నారు. మనవరాలు రాసింది, పెద్దలు చెప్పారు. అందులో ఉన్నది ఇదీ.

టీకా రెండో డోసు పడి రెండు వారాలు నిండాకే జనంలోకి వెళ్లాలి. బస్సులోనూ, నడవాల్లోనూ, బాత్‌రూం లైన్లోనూ ముఖానికి బిగుతుగా పట్టే మంచి మాస్కు తియ్యకూడదు. గుడ్డ మాస్కు చాలదు. ఆట మధ్య విరామంలో అందరూ లేచినప్పుడు లేవకూడదు. ఆట జరుగుతుండగానే వెళ్లి రావాలి. తినడం తాగడం ఆరుబయటే, తనతో వచ్చిన ఇద్దరు ముగ్గురితోనే. గెలిచినా ఓడినా గదుల్లో పార్టీలకి వెళ్లకూడదు. ఆ వారం ఇంటికి రాకూడదు. వెళ్లొచ్చిన మర్నాడే పరీక్ష చేసుకుని ‘లేదు’ అని వచ్చిందని సంబరపడకూడదు, మూడు నుంచి అయిదు రోజులాగి చేసుకోవాలి. ఒంట్లో ఏ కాస్త తేడాగా ఉన్నా టిక్కెట్టు పోతే పోయిందనుకుని ఆగిపోవాలి.

ఇవన్నీ ఏ డాక్టరైనా చెప్పేవే. చివరిది మాత్రం బామ్మగారు చెప్పి రాయించారు. ‘ఎక్కడికి వెళ్లినా చెప్పు. తప్పు చేసినా చెప్పు. తిట్టం.’ ఆ ‘తిట్టం’ కింద ఆ పిల్ల రెండు గీతలు గీసింది. ఆ ఏడాది అది ఇంకో మూడు మ్యాచ్‌లు చూసింది. ఒకసారి గొంతు నొప్పిగా ఉందని గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చేసి, ఆ సంగతి తనే ఫోన్ చేసి చెప్పింది. ‘వద్దు’ అని వందసార్లు అన్నా అది జరిగేదా?

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పింది. మనమూ మాస్కులు అటకెక్కించేశాం. జబ్బు పూర్తిగా పోలేదు. రేపు ఇంకోటి రాదన్న హామీ కూడా లేదు. వచ్చినప్పుడు మందులూ టీకాలూ కనిపెట్టేవాళ్లు కనిపెడతారు. కానీ పిల్లలు భయపడకుండా నిజం చెప్పగలిగే ఇల్లు మాత్రం మనమే తయారు చేసుకోవాలి. అది జబ్బు వచ్చాక మొదలుపెట్టే పని కాదు. పిల్లవాడు అమెరికాలో ఫుట్‌బాల్‌కి వెళ్లినా, పక్క ఊరి జాతరకి వెళ్లినా ఇదే మాట.

ఇవాళ మీ ఇంట్లో పిల్లలు మీకు చెప్పకుండా ఆగిపోయిన సంగతులు ఎన్ని ఉన్నాయో ఒక్కసారి ఆలోచించి చూడండి. మా అక్క వాళ్ల కాగితంలోని ఆఖరి మాట మన ఫ్రిజ్ తలుపుల మీద కూడా రాసుకుంటే మంచిదేమో... ఏమంటారు?