నోరు మెదపలేనివాని నొప్పి

కంబదూరు సీమలో మోటారుసైకిలు జారిపడి దవడయెముక విరిగినవాడు, కల్యాణదుర్గము మీదుగా అనంతపురము పెద్దాసుపత్రి చేరి, అచ్చట మత్తులోనికి పోయినది మొదలు, దవడలు తీగెలతో బిగింపబడి యిల్లు చేరి, వారముల తరబడి రాగిజావతో కడుపు నింపుకొనువరకును, తన నొప్పిని తన నోట నిండుగ చెప్పుకొనజాలడు. అట్టివాని నొప్పిని కొలిచి, వ్రాసియుంచి, దానినిబట్టి మందిచ్చుట వైద్యాలయమునకు విధియే గాని దయ కాదు.

మత్తులోనున్నవానిని ఏ గుర్తునుబట్టి కనిపెట్టవలెనను ప్రశ్న మనకు క్రొత్తది గాదు. 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదున వైద్యుడు ఎడ్వర్డ్ లారీ పూనికతో, నిజాము ద్రవ్యసహాయముతో క్లోరోఫారమను మత్తుమందుపై జరిగిన విచారణలు, నాడిని విడిచి శ్వాసనే కనిపెట్టుడని తీర్మానించినవి. క్లోరోఫారము గుండెను సైతము హఠాత్తుగా ఆపగలదని తరువాత రుజువగుటచే ఆ తీర్మానము నిలువలేదు. ఒక్క గుర్తునే నమ్మరాదను పాఠము మాత్రము నిలిచినది.

నేడు వ్రేలికి తగిలించు ఆక్సిమీటరు తరంగమునుండియే నాడి యెత్తును, గుండె స్పందనల నడిమి వ్యవధిని గణించి, శరీరము గాయమున కెంత ఉలికిపడుచున్నదో 0 నుండి 100 వరకు గల సంఖ్యతో చూపు ‘సర్జికల్ ప్లెత్ ఇండెక్స్’ వంటి సాధనములు వచ్చినవి. నొప్పిమందు మోతాదును ఇట్లు సరిచూచుట మేలే. ఏలయన నల్లమందు జాతి మందులు మితిమీరినచో ఊపిరి మందగించును, వాంతి పుట్టును, దవడలు బిగించియున్నవానికి ఆ వాంతియే ప్రాణాపాయము. అయినను రక్తస్రావము తగ్గించుటకై కొన్నిమార్లు బుద్ధిపూర్వకముగ రక్తపోటును దించు ఈ దవడ శస్త్రచికిత్సలో, చిగుళ్లలో ఎక్కించు ఎడ్రినలిన్ సైతము నాడిని మార్చుచుండగా, ఆ సంఖ్యయే పరమప్రమాణము కానేరదు. ఆ సంఖ్యనుబట్టి ఇచ్చినచో శస్త్రచికిత్సవేళ మందు తగ్గెనని కొన్ని పరిశోధనలు చెప్పినను, మరునాటి నొప్పి తగ్గుననుటలో ఫలితములు ఏకముఖముగా లేవు.

కావున యంత్రము లేదను సాకుతో కొలతనే మానుట తగదు. మేలుకొన్న రోగి 0 నుండి 10 వరకు తన నొప్పిని వ్రేళ్లతో చూపగలడు, పలకపై వ్రాయగలడు. నర్సు వ్రాయు పట్టికలో జ్వరము, నాడి, రక్తపోటుల సరసన నొప్పికొక గడి గీయుటకు ఖర్చేమియు లేదు. దవడనరమునకు తిమ్మిరి సూది, వేళ తప్పని పారాసిటమాల్ ముందుగనే ఇచ్చినచో తీవ్రమైన మందుల యవసరము తగ్గును.

ప్రభుత్వాసుపత్రు లన్నింటను ఈ గడిని తప్పనిసరి చేయవలెను. ఇంటికి పంపునప్పుడు మందుల వేళలు తెలుగులో వ్రాసిన కాగితమును, వాంతి వచ్చినచో తీగెలు త్రుంచుటకు తగిన కత్తెరను, దాని వాడుక నేర్పి, రోగి వెంటనున్నవారికి అప్పగింపవలెను.