తలంటు రోజే ఫిట్స్!

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ సందు చూసినా హాస్టళ్లూ అపార్ట్‌మెంట్లే. ఆదివారం పొద్దున గీజర్లకు తీరికుండదు. వారమంతా గబగబా ఒళ్లు తడుపుకుని పరుగెత్తినవాళ్లు ఆ రోజు పొగలు కక్కే నీళ్లు చెంబులతో మాడు మీద కుమ్మరించుకుంటారు. అందరికీ అది హాయే. ఏ ఒక్కరికో మాత్రం నాలుగు చెంబులకే చూపు నిలబడిపోతుంది. పొంతన లేని మాటలు వస్తాయి. ఒక్కోసారి పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్లు గాలి సోకిందంటారు, కుర్రాళ్లు గీజరు షాక్ కొట్టిందంటారు. గ్యాస్ గీజరైతే విషవాయువు అనుమానమూ ఉండాల్సిందే.

ఇదేదీ కాకపోతే అది వేడినీళ్ల మూర్ఛ కావచ్చు. 1945లో న్యూజిలాండ్ వైద్యుడొకరు దీని గురించి రాశారు. కానీ ఎక్కువగా కనిపించేది మన దక్షిణాదిలోనే, అందులోనూ కర్ణాటకలో. బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు 1988లో ఏకంగా 279 మంది రోగుల వివరాలు ప్రచురించారు. విచిత్రమేమిటంటే, వాళ్లలో కొందరు ఆపుకోలేక వేడినీళ్లు ఇంకా ఇంకా పోసుకుంటూనే ఉంటారు.

మెదడులో ఏం జరుగుతోందో రోగి తల విప్పి చూడలేం కదా! అందుకే డాక్టర్ పి.సతీశ్‌చంద్ర, సహచరులు ఎలుకలకు తలంటారు. 1996లో వెలువడిన ఆ పరిశోధనలో, వేడినీళ్లతో ఒంటి వేడి ఒక హద్దు దాటగానే ఎలుకలకూ ఫిట్స్ వచ్చాయి. అసలు భయపెట్టే సంగతి తర్వాత తెలిసింది. పదేపదే అలా చేస్తే ఫిట్స్ మరింత సులువుగా రావడం, ఎక్కువసేపు ఉండటం మొదలైంది. మెదడులోని హిప్పోక్యాంపస్‌లో నాడీతంతువులు కొత్త మొలకలు వేశాయి. అంటే మెదడు ఫిట్స్‌కు అలవాటు పడుతోందన్నమాట. మనుషుల్లోనూ కొందరికి కొన్నాళ్లకు స్నానంతో పనిలేకుండానే ఫిట్స్ వస్తుంటాయి. పెళ్లి కావలసిన పిల్ల అని నలుగురికీ తెలియకుండా దాచే ఇళ్లు గమనించాల్సింది ఇదే.

మెదడులో గ్లుటమేట్ నాడీకణాలను ఉసిగొల్పితే, గాబా అనే రసాయనం కళ్లెం వేస్తుంది. ఉసిగొల్పడం పెరిగినా, కళ్లెం వదులైనా ఫిట్సే. క్లోబజామ్ అనే మాత్ర గాబా పట్టును బిగిస్తుంది. వేడినీళ్ల మూర్ఛ ఒక్కటే ఉన్నవాళ్లలో చాలామందికి రోజూ మందు అక్కర్లేదు, తలస్నానానికి గంటన్నర, రెండు గంటల ముందు ఈ మాత్ర వేసుకుంటే సరిపోతుంది. అయితే అది న్యూరాలజిస్టు రాయాల్సిన మందు. డాక్టరు దగ్గర ‘ఫిట్స్ వచ్చాయి’ అని ఊరుకోకుండా ‘తల మీద నీళ్లు పోసుకుంటుంటే వచ్చాయి’ అని చెప్పడం చాలా ముఖ్యం.

ఈలోగా గోరువెచ్చని నీళ్లే వాడాలి. బాత్‌రూమ్ గడియ లోపల వేసుకోకూడదు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. నీళ్లు ఆపి, పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టాలి. అయిదు నిమిషాలైనా ఆగకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి.