లెక్కలోకి రాని చీకటి

మాచ్‌ఖండ్ 1955 నుంచి కరెంటు ఇస్తోంది. ఎగువ సీలేరు 240, దిగువ సీలేరు 460 మెగావాట్లు. జలాపుట్ జలాశయంలో మునిగిన ఊళ్లలో మావెన్నో. పెద్ద తీగలు మా నెత్తి మీదుగా మైదానానికి పోతాయి. మాకు దక్కింది అడవిలోంచి వచ్చే ఒకే ఒక్క 11 కేవీ లైను. గాలివానకు చెట్టు పడిందంటే దాని చివరనున్న ఊళ్లన్నీ చీకటే. ఇంకో వైపు నుంచి కరెంటు ఇచ్చే దారి లేదు.

ఎందుకు లేదు? కరెంటు పోయిన గంటల్ని కనెక్షన్లతో గుణించి సగటు తీస్తారు. మేం బడిలో చెప్పే లెక్కే. పదివేల కనెక్షన్ల పట్నంలో అరగంట పోతే 5000. పాతిక ఇళ్ల మా ఊరు మూడు రోజులు చీకట్లో ఉంటే 1800. డబ్బు ఎటు పోతుందో వేరే చెప్పాలా?

సోలారు పెడతామంటారు. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన పలకలు లైను పోగానే ఆగిపోతాయి, నడి ఎండలోనైనా సరే. అరకు దారిలో ఎలక్ట్రిక్ కార్లకు ఛార్జింగు పెట్టుకోండి, వద్దనం. అందుకు లైను పెంచేటప్పుడే రెండో కొసను మా ఊళ్లకు కలపండి. టీకాలు దాచే ఆసుపత్రికి ముందు బ్యాటరీ ఇవ్వండి. సీలేరులో 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి కడతామంటున్నారుగా, మైదానం సాయంత్రాల కోసం కరెంటును నీళ్లలో దాచడానికి! దాని గురించి గ్రామసభకు వచ్చేటప్పుడు మా ఊళ్ల లైను పటం కూడా పట్టుకు రండి.